హాజరు పట్టీలో ఆమె పేరు

సామాజిక వాణిజ్య సంస్థ అన్న మాట తెలుగులో ఇంకా కుదురుకోలేదు. సోషల్ ఎంటర్‌ప్రైజ్ అన్న మాటే ఎక్కువగా వాడుకలో ఉంది. ఒక వస్తువునో సేవనో బజారులో అమ్మి ఆదాయం సంపాదిస్తూ, ఆ ఆదాయాన్ని వాటాదారుల లాభంగా పంచకుండా ఒక సామాజిక ప్రయోజనానికి వెచ్చించే సంస్థ అని దానికి స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. వీటిలో ఒక శాఖకు ఉపాధి కల్పనే ప్రయోజనం: మామూలు కర్మాగారం కొవ్వొత్తులు కావాలి కాబట్టి మనుషులను పెట్టుకుంటుంది, ఈ శాఖకు చెందిన సంస్థ మనుషులకు పని కావాలి కాబట్టి కొవ్వొత్తులు చేయిస్తుంది. అక్రమ రవాణా నుంచి, అంటే మోసంతోనో బలవంతంతోనో మనుషులను తరలించి దోచుకునే వ్యాపారం నుంచి బయటపడిన స్త్రీలు, యాసిడ్ దాడికి గురైనవారు, జైలు నుంచి విడుదలైనవారు, ఇంటి హింస భరించలేక గడప దాటినవారు, మత్తుమందుల అలవాటు నుంచి కోలుకుంటున్నవారు ఇలాంటి చోట్ల పనిచేస్తుంటారు.

ఈ సంస్థలను గురించి రాసేవారికి కన్నీరో ప్రశంసో అడ్డుపడడం వల్ల, వాటిని కార్మిక సంబంధంగా, అంటే పని చేయించుకునేవారికీ చేసేవారికీ మధ్య ఉండే లెక్కగా చూడడం అరుదైపోయింది. శాస్త్ర గ్రంథాల్లో పూర్వపక్షం అనే పద్ధతి ఒకటి ఉంది. తన మతాన్ని, అంటే సిద్ధాంతాన్ని, స్థాపించబోయే రచయిత ముందుగా ప్రతివాది మాటను, ఆ ప్రతివాదే ఒప్పుకునేంత బలంగా వినిపించి, ఆ తర్వాతే సమాధానానికి పూనుకుంటాడు. ఇక్కడ ఆ పద్ధతినే కొంత సడలించి, రెండు వాదాలనూ ఇద్దరు కల్పిత వ్యక్తుల నోట ఉంచడమైనది. ఒకరు హైదరాబాదులో ఇలాంటి స్త్రీలకు ఉపాధి చూపే సంస్థ నిర్వాహకురాలు, మరొకరు పశ్చిమ గోదావరి జిల్లాలో చాలాకాలం పాఠం చెప్పి విరమించిన ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు. వ్యక్తులు కల్పితులైనా వారు ప్రస్తావించే సంస్థలూ తీర్పులూ చట్టాలూ వాస్తవమైనవే. ఎవరిది పూర్వపక్షం, ఎవరిది సిద్ధాంతం అన్నది మాత్రం నడుమ ఒకటి రెండు సార్లు తారుమారవుతుంది.

నిర్వాహకురాలు హైదరాబాదు నుంచే మొదలుపెట్టారు. 1996లో నగరంలోని మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు, సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి ప్రజ్వల అనే సంస్థను ఆరంభించారని, ఖాళీ అయిన ఒక వేశ్యాగృహంలోనే ఆ స్త్రీల పిల్లలకు బడి తెరిచారని, తర్వాతి కాలంలో ఆశ్రయంతో పాటు వెల్డింగు, వడ్రంగం, పుస్తకాల బైండింగు, ముద్రణ వంటి పనులు నేర్పడం ఆ సంస్థ కార్యక్రమంలో ముఖ్యభాగమైందని ఆమె గుర్తుచేశారు. బడితో మొదలైనది పనిదాకా రావడం యాదృచ్ఛికం కాదన్నది ఆమె వాదం.

“మాస్టారూ, పోలీసులు తలుపు బద్దలుకొట్టి ఒక స్త్రీని బయటికి తెచ్చిన రోజుతో ఆమె కష్టం తీరిందని లోకం అనుకుంటుంది. మర్నాటి నుంచి ఆమెకు కావలసింది పొయ్యి మీదికి బియ్యం. సాక్ష్యం చెప్పడానికి కోర్టు వాయిదాలకు వెళ్లాలి, కేసు వేరే రాష్ట్రంలో నడుస్తుంటే రైలెక్కి మరీ వెళ్లాలి. ఆసుపత్రి చుట్టూ తిరగాలి. బిడ్డను ఎవరికో అప్పగించాలి. రాత్రంతా నిద్రపట్టకపోతే మర్నాడు చేయి ఆడదు. గార్మెంట్ కంపెనీలో చెప్పకుండా మూడు రోజులు మానేస్తే సూపర్‌వైజరు పేరు కొట్టేస్తాడు. పేరు కొట్టేయకుండా ఉంచడమే ఈ సంస్థల అసలు సరుకు. కొవ్వొత్తీ, సంచీ, అప్పడమూ దానిపైన చుట్టిన కాగితం మాత్రమే.”

అధ్యాపకుడు దీన్ని కాదనలేదు. “పేరు కొట్టేయకపోవడం గొప్ప సంగతే అమ్మా. అయితే కొట్టేయని ఆ పేరు ముందుగా ఏ పుస్తకంలో ఎక్కిందో చూడాలి కదా” అని ఆయన అడ్డు ప్రశ్న వేశారు. కార్ఖానాలో రోజువారీ రాకపోకలు నమోదయ్యే పుస్తకాన్ని హాజరు పట్టీ అనీ, మస్టరు అనీ అంటారు. ఆ పట్టీలో పేరున్న మనిషికి వేతనం, సెలవు, భవిష్య నిధి, గాయమైతే పరిహారం అడిగే హక్కు ఉంటాయి. లబ్ధిదారుల జాబితాలో పేరున్న మనిషికి కృతజ్ఞత చెప్పవలసిన బాధ్యత ఉంటుంది. ఒకే గదిలో, ఒకే కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీ ఈ రెంటిలో ఏ పుస్తకంలో ఉన్నదనే దాన్ని బట్టే ఆ సంస్థ ఏమిటో నిర్ణయించాలన్నది ఆయన పట్టు.

ఇందుకు ఆయన ఐర్లండ్ చరిత్రను సాక్ష్యంగా తెచ్చారు. ఆ దేశంలో కాథలిక్ సన్యాసినుల సంఘాలు నడిపిన మాగ్డలీన్ లాండ్రీలు, దారితప్పినవారిగా సమాజం ముద్రవేసిన స్త్రీలను చేరదీసి పనితో వారిని సంస్కరించడం అనే ఉద్దేశంతో వెలిశాయి. పెళ్లికాకుండా తల్లులైనవారిని, అనాథలను, చిన్న నేరాలకు శిక్షపడినవారిని, ఇంట్లోవారికి భారమైనవారిని కూడా వాటిలోకి పంపారు. వారు చేసిన పని నిజమైన వ్యాపారమే: హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల బట్టలు, ప్రభుత్వ శాఖల గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసినందుకు బజారు ధర ముట్టేది. ఉతికినవారికి మాత్రం జీతం లేదు. సామాజిక బీమా చందా కట్టకపోవడంతో ముసలితనంలో పింఛను రావడానికీ వీలులేకపోయింది. చివరి లాండ్రీ డబ్లిన్‌లో 1996లో మూతపడింది. ప్రజ్వల పుట్టిన ఏడూ అదే కావడం కాకతాళీయమే అయినా, రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడడంలో ప్రయోజనం లేకపోలేదు. 2013 ఫిబ్రవరిలో, రాజ్యం పాత్రపై మెకలీస్ కమిటీ నివేదిక వెలువడిన తర్వాత, అప్పటి ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో ఆ స్త్రీలకు రాజ్యం తరఫున క్షమాపణ చెప్పారు.

“అక్కడ గోడలూ తాళాలూ ఉన్నాయి మాస్టారూ, ఆ పోలిక ఇక్కడికి తేవడం అన్యాయం” అని నిర్వాహకురాలు నొచ్చుకున్నారు. ఈ నేలకు తనదైన మరో వంశావళి ఉందని ఆమె బదులిచ్చారు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదాసదనం తెరిచి, తర్వాత పుణె సమీపంలోని కేడ్‌గావ్‌లో ముక్తి సదనం నెలకొల్పి, అక్కడి వితంతువుల చేత అచ్చుయంత్రమూ మగ్గమూ నడిపించింది. ధోండో కేశవ్ కర్వే 1896లో పుణెలో వితంతు గృహాన్ని స్థాపించాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదానికేతనం నెలకొల్పారు. వీటిలో ఏదీ స్త్రీని శిక్షించడానికి పుట్టినది కాదు.

ఇక్కడొక సంగతి పక్కన చెప్పుకోవాలి. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం దృష్టిలో ఆ స్త్రీ కష్టానికి పరిష్కారం మళ్లీ ఒక సంసారం. రమాబాయి దృష్టిలో చేతిలో ఒక పని. ఆనాటి పరిస్థితుల్లో రెండూ సాహసాలే. అయితే మొదటి దృష్టి తన కాలం దాటి చాలా దూరం వచ్చింది. ఆశ్రయ గృహంలో ఉన్న యువతికి పెళ్లి చేసి పంపడాన్ని పునరావాసంగా లెక్కగట్టే అలవాటు కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ గృహాల్లో ఇప్పటికీ పోలేదు. పని చూపే సంస్థలను ఎంత గట్టిగా విమర్శించేవారైనా ఈ సంగతి మరిచిపోతే విమర్శ ఒంటికన్నుతో సాగుతుంది. అధ్యాపకుడు కూడా దీన్ని అంగీకరించారు.

అంగీకరించి, తాళం సంగతికి తిరిగి వచ్చారు. “తాళం తలుపుకే ఉండనక్కర్లేదమ్మా. పడుకునే మంచమూ పనిచేసే మిషనూ ఒకే సంస్థవి అయినప్పుడు, పని మానేస్తానంటే మంచం కూడా పోతుంది. ఆ భయం తాళం కన్నా గట్టిది.” ఈ వాదానికి చట్టం నుంచి కూడా బలం ఉంది. అనైతిక వ్యాపార నిరోధక చట్టం 1956 నాటిది. దాని కింద నడిచే రక్షణ గృహాల్లో తమ ఇష్టానికి వ్యతిరేకంగా ఉంచిన వయోజన స్త్రీలెవరో సర్వే చేసి, గడువు పెట్టుకుని విడుదల చేయాలన్న సిఫారసును బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు 2022 మేలో రాష్ట్రాలకు ఆదేశంగా మార్చింది. ఒక వేశ్య హత్య కేసులో అప్పీలుగా మొదలైన ఆ వ్యాజ్యాన్ని 2011లో న్యాయస్థానమే పునరావాస వ్యాజ్యంగా మలిచి, వృత్తిశిక్షణ పథకాలు రూపొందించమని ప్రభుత్వాలను కోరింది. శిక్షణ ఇవ్వాలని అడిగిన కోర్టే పదకొండేళ్ల తర్వాత, శిక్షణ ఇచ్చే ఇంటి తలుపులు తీసి ఉన్నాయో లేదో చూడమనవలసి వచ్చిందన్నమాట.

నిర్వాహకురాలు కాసేపు ఆలోచించి, అమెరికాలోని నాష్‌విల్‌లో బెకా స్టీవెన్స్ 1997లో ప్రారంభించిన థిసిల్ ఫార్మ్స్ ఉదాహరణ చెప్పారు. వ్యభిచారం, మత్తుమందులు, జైలు అనే ముక్కోణం నుంచి బయటపడిన స్త్రీలకు అక్కడ రెండేళ్లపాటు అద్దె లేని ఇల్లు దొరుకుతుంది; కొవ్వొత్తులూ ఒంటికి రాసుకునే నూనెలూ తయారుచేసే వ్యాపారం ఆ ఇంటి తర్వాత కొన్నేళ్లకు వచ్చింది. ముందు ఇల్లు, తర్వాత పని అనే ఈ వరుస మేలైనదని ఆమె ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, హైదరాబాదులో ఒంటరి స్త్రీకి, అందులోనూ ఆధార్ కార్డు లేని స్త్రీకి అద్దెకు గది ఇచ్చే ఇంటి యజమాని ఎక్కడున్నాడో చూపమన్నారు. ఈ ప్రశ్నకు అధ్యాపకుడి దగ్గర జవాబు లేదు. సెక్స్ వర్కర్లకు రేషను కార్డులు, ఓటరు కార్డులు ఇవ్వమని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిన దేశంలో, హాజరు పట్టీలో పేరు ఎక్కించడానికి ముందు ఆ పేరును రుజువు చేసే కాగితం సంపాదించడమే ఏడాది పని. ఆ ఏడాది పని చేసేది ఈ సంస్థలే.

వేతనం దగ్గరికి వచ్చేసరికి సంవాదం వేడెక్కింది. చాలా సంస్థలు మొదటి నెలల్లో ఇచ్చే డబ్బును స్టైపెండు అంటాయి. స్టైపెండు అంటే నేర్చుకుంటున్నవారికి ఇచ్చే భత్యం. అది కనీస వేతనం కన్నా తక్కువ ఉన్నా అడిగేవారుండరు. నేర్చుకోవడం ఎప్పుడు పూర్తయి పని ఎప్పుడు మొదలైందో తేల్చేది ఎవరని అధ్యాపకుడు ప్రశ్నించారు. ఆ మాట మీదే ఆయన 1983 నాటి సంజిత్ రాయ్ కేసును ప్రస్తావించారు. రాజస్థాన్‌లో కరవు సహాయంగా చేపట్టిన రోడ్డుపనిలో ఎక్కువగా స్త్రీలూ దళితులూ పనిచేశారు. వారికి కనీస వేతనం కన్నా తక్కువ ముట్టింది. ఇది సహాయం, ఉపాధి కాదు, కరవు పనులకు కార్మిక చట్టాల నుంచి మినహాయింపు ఇచ్చే చట్టం కూడా ఉంది అని ప్రభుత్వం వాదించింది. ఆ వాదాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. రోడ్డు పడితే దాని విలువ సమాజానికి చేరుతుంది కాబట్టి వేసినవారి నిస్సహాయతను ఆసరా చేసుకుని తక్కువ ఇవ్వడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు సారాంశం. “ఆకలితో ఉన్నవాడికి పని ఇవ్వడం ఉపకారమే అయినా, ఆ ఉపకారం కూలిలో కోతకు కారణం కారాదని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం నలభై ఏళ్ల కిందటే చెప్పిందమ్మా. రోడ్డుకు వర్తించినది సంచికి ఎందుకు వర్తించదు?”

“ప్రభుత్వానికి ఖజానా ఉంది మాస్టారూ, సంస్థకు లేదు” అన్నది ఆమె సమాధానం. కుట్టుపనిలో ఆరితేరిన మనిషి పది సంచులు కుట్టే సమయంలో కొత్తగా చేరిన, ఒళ్లు కుదుటపడని మనిషి నాలుగు కుడుతుందనుకుంటే, బజారు ఆ నాలుగింటికే ధర కడుతుంది. పదింటికి సరిపడే కూలి ఇవ్వాలంటే మిగిలిన ఆరింటి ఖరీదు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. ఆ తేడాయే ఈ రంగమంతటికీ మూలప్రశ్న. ఇటలీ దానికి చట్టంతో జవాబిచ్చింది. 1991 నాటి 381వ నంబరు చట్టం సామాజిక సహకార సంఘాలను రెండు రకాలుగా విభజించింది: మొదటివి ఆరోగ్య, విద్య వంటి సేవలు అందించేవి, రెండవవి వెనుకబడినవారిని పనిలోకి తెచ్చేవి. రెండవ రకం సంఘంలో పనివారిలో కనీసం 30 శాతం మంది జైలు నుంచి వచ్చినవారో, మానసిక వైద్యం పొందినవారో, వ్యసనాల నుంచి కోలుకుంటున్నవారో, వికలాంగులో అయి ఉండాలి. వారి తరఫున కట్టవలసిన సామాజిక బీమా చందాను ప్రభుత్వం మాఫీ చేస్తుంది. అంటే ఆరు సంచుల ఖరీదులో కొంత భాగాన్ని రాజ్యం బాహాటంగా, దానం అనకుండా, లెక్క చూపి భరిస్తుంది. ఈ దేశంలో అలాంటి ఏర్పాటు లేకపోవడంతో ఆ ఖరీదు దాతల మీద పడుతోందని, దాతలకు ఊరకే ఇవ్వడం రాదని, వారికి కథ కావాలని ఆమె నిట్టూర్చారు.

ఇటలీ చట్టంలోని మరో వాక్యాన్ని ఆమె వదిలేశారని అధ్యాపకుడు వెంటనే పట్టుకున్నారు. ఆ 30 శాతం మంది, వారి పరిస్థితి అనుమతించినంత వరకు, సంఘంలో సభ్యులై కూడా ఉండాలని ఆ చట్టమే అంటుంది. సభ్యులంటే ఓటున్నవారు. తెలుగునాట 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ వాటా ధనం లేకుండా, రిజిస్ట్రారు కనుసన్నల్లో నడవకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకునే వీలు దేశంలో మొదటిసారి కల్పించింది. పొదుపు సంఘాల సమాఖ్యలు దాన్ని విరివిగా వాడుకున్నాయి. ఉపాధి సంస్థలు ఎక్కువగా ట్రస్టులుగా, సొసైటీలుగానే మిగిలిపోయాయి. వాటిలో పాలకవర్గం ఒక చోట, పనిచేసేవారు మరో చోట ఉంటారు. 1959లో బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు స్త్రీలు ఎనభై రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ విషయంలో దానాలు వద్దన్న నియమం కన్నా, అప్పడం ఒత్తే ప్రతి స్త్రీ యజమానులలో ఒకరు కావడమే అసలు విశేషమని ఆయన అభిప్రాయం.

పనిచేసేవారిని ఏ పేరుతో లెక్కలో రాస్తారన్న ప్రస్తావన నరసాపురం లేసుతో మరింత లోతుకు వెళ్లింది. పశ్చిమ గోదావరిలో మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో పాదుకున్న ఈ అల్లిక పని పేద స్త్రీలకు బతుకుతెరువుగా మొదలై, విదేశీ బజారుకు సరుకు పంపే పెద్ద పరిశ్రమగా పెరిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే అధ్యయనం, ఎగుమతిదారుల లెక్కలో ఆ స్త్రీలు కార్మికులు కారనీ, తీరిక వేళల్లో సూది పట్టే గృహిణులనీ చూపింది. ఆ ఒక్క మాటతోనే కూలి అట్టడుగున ఉండిపోయింది. గృహిణి అన్న గౌరవం ఖరీదు ఎంతో ఆ జిల్లా స్త్రీలకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది; గుర్తింపు సరుకుకు వచ్చింది, అల్లిన చేతికి ఇంకా రావలసి ఉంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే సంగతిని నిర్వాహకురాలే చెప్పడం ఈ సంవాదంలోని చమత్కారం. 1995లో కలకత్తా సోనాగాఛిలోని సెక్స్ వర్కర్లు ఉషా అనే బహుళార్థ సహకార సంఘాన్ని నమోదు చేయించుకోబోయినప్పుడు సభ్యుల నైతిక ప్రవర్తన గురించిన నిబంధన అడ్డొచ్చింది. గృహిణులుగా రాసుకుంటే పని సులువవుతుందన్న సలహాను వారు తిరస్కరించి, తమ వృత్తి పేరుతోనే సంఘాన్ని సాధించుకున్నారు. ఆ వృత్తిని పని అనాలా, దోపిడీ అనాలా అన్న వివాదంలో నిర్వాహకురాలిది ఉషా సభ్యులకు పూర్తిగా వ్యతిరేకమైన పక్షం. అయినా రిజిస్టరులో ఏ మాట రాయాలో తామే నిర్ణయించుకోవాలన్న వారి పట్టుదలను ఆమె గౌరవించకుండా ఉండలేకపోయారు.

కథలు అమ్ముకోవడం గురించి ఇద్దరి మధ్యా భేదం చివరిదాకా పోలేదు. ఆగ్రాలో తాజ్‌మహల్‌కు దగ్గరలో 2014 డిసెంబరులో తెరిచిన షీరోస్ హ్యాంగవుట్ అనే కాఫీ దుకాణాన్ని యాసిడ్ దాడికి గురైన స్త్రీలు నడుపుతారు. తిన్నదానికి ధర ఇంత అని లేదు, తోచినంత ఇవ్వవచ్చు. తోచినంత ఇచ్చేవాడు కాఫీకి ఇస్తున్నాడా, కాలిన ముఖానికి ఇస్తున్నాడా అని అధ్యాపకుడు సూటిగా అడిగారు. ధర లేని చోట వస్తువు ఉండదని, చూసిపోవడానికి కట్టే రుసుమే ఉంటుందని ఆయన ఆర్థికశాస్త్రం చెబుతుంది. నిర్వాహకురాలు దీనికి ఘాటుగానే స్పందించారు. “ముఖం కనిపించకుండా చేయాలనే కదా మాస్టారూ వాడు యాసిడ్ పోసింది? కొంగు కప్పుకుని ఇంట్లో కూర్చుంటే వాడి పని పూర్తయినట్టే. ముసుగు లేకుండా బల్ల దగ్గరికి వచ్చి ఏం కావాలండీ అని అడగడమే అక్కడ అసలు ఉద్యోగం. జీతం దాని తర్వాతి మాట.”

ఈ ఒక్క చోట అధ్యాపకుడి వాదం ఓడిందనే చెప్పాలి. అయితే ఈ జవాబు యాసిడ్ బాధితులకే చెల్లుతుంది. లైంగిక దాడికి గురైన స్త్రీ గుర్తింపును బయటపెట్టడం మొదట భారత శిక్షాస్మృతి 228-ఏ సెక్షను కింద, ఇప్పుడు భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను కింద నేరం. అలాంటి స్త్రీ పేరు మార్చి, ముఖం సగం కనిపించే ఫోటో వేసి, ఆమె పడిన బాధను వివరంగా రాసి సంచికి కట్టే చీటీలో అచ్చువేస్తే చట్టం అక్షరానికి లోబడినట్టే ఉండవచ్చు. బజారులో మాత్రం సంచి కన్నా చీటీయే అమ్ముడుపోతుంది. ఒకసారి చీటీకి అలవాటుపడిన కొనుగోలుదారుకు రెండోసారి మరింత దుఃఖం కావాలి. ఆ చీటీ లేకుండా అమ్ముడుపోని సంచి కుట్టు బాగాలేని సంచి అని, అలాంటి కుట్టు నేర్పిన సంస్థ ఆమెకు ఏమీ నేర్పనట్టేనని ఇక్కడ తీర్పు చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

కుట్టు మాట వచ్చింది కాబట్టి ఏ పని నేర్పుతున్నారన్న ప్రశ్నను తేలిగ్గా దాటవేయకూడదు. స్త్రీల పునరావాసం అనగానే కుట్టుమిషను, అగరుబత్తి, కొవ్వొత్తి, పచ్చడి అనే నాలుగు పనుల చుట్టూ ఆలోచన తిరగడానికి కారణాలు చిన్నవే: మిషను చవక, గది చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆడవారి పనిగా లోకం ఒప్పుకుంటుంది. అందరూ అవే నేర్పడంతో ప్రతి వీధిలోనూ కుట్టేవారుంటారు, జాకెట్టు కూలి పెరగదు. వెల్డింగు, వడ్రంగం వంటి పనులను ఎంచుకోవడంలో ప్రజ్వల చేసిన సాహసాన్ని ఈ లెక్కలో చూడాలి; అది స్త్రీల ధైర్యాన్ని చాటడానికి చేసిన ప్రదర్శన కాదు, కూలి రేటు ఎక్కువున్న బజారులోకి వారిని పంపే ప్రయత్నం. ఈ విషయంలో ఇద్దరి మధ్యా వివాదమే లేకపోయింది.

బయటి ఉద్యోగం దగ్గర మాత్రం నిర్వాహకురాలు గొంతు తగ్గించారు. సంస్థ ఒక మజిలీ కావాలే తప్ప ఊరు కాకూడదని అధ్యాపకుడు అన్నప్పుడు ఆమె తల ఊపారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958 నుంచి నడిపిన సంక్షిప్త విద్యా కోర్సులు, చదువు మధ్యలో ఆగిన వయోజన స్త్రీలను రెండు మూడేళ్లలో పరీక్షలకు సిద్ధంచేసి టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా మామూలు ఉద్యోగాల్లోకి పంపాయి. ఆ ఉద్యోగాల్లో వారి గతాన్ని ఎవరూ అడగలేదు. యాసిడ్ బాధితులకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లోని 4 శాతం రిజర్వేషనులో భాగం ఇచ్చింది. అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీకి అలాంటి హక్కు ఏదీ లేదు. పోనీ ప్రైవేటు కొలువులున్నాయా అంటే, సభల్లో చప్పట్లు కొట్టే పెద్దలే తమ ఇంట్లోనో ఫ్యాక్టరీలోనో ఆమెకు పని ఇవ్వమంటే వెనకాడతారని సునీతా కృష్ణన్ బహిరంగ వేదికల మీద ఎత్తిచూపిన సంగతి అందరికీ తెలిసిందే. మజిలీ ఊరైపోవడానికి తప్పు మజిలీది కాదు, ముందుకు దారి లేకపోవడానిదని నిర్వాహకురాలి వాదం. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో 3 శాతం స్త్రీలు యజమానులైన పరిశ్రమల నుంచి చేయాలన్న విధానం ఉన్నా, అది యజమానులైన స్త్రీలను చూస్తుంది, కార్మికులైన స్త్రీలను చూడదు. ఆసుపత్రి దుప్పట్లో, బడిపిల్లల బ్యాగులో ఈ సంస్థల నుంచి కొనే ఏర్పాటు ప్రభుత్వం చేస్తే చీటీల అవసరం సగం తగ్గుతుందన్న దగ్గర ఇద్దరూ కలిశారు.

కలవని చోట్లు కలవనివిగానే ఉన్నాయి. నివాసమూ పనీ ఒకే చేతిలో ఉండరాదని అధ్యాపకుడు, ప్రస్తుతానికి వేరే చెయ్యే లేదని నిర్వాహకురాలు అన్నారు. ఇద్దరి మాటల్లో నిర్వాహకురాలిది నేటి వాస్తవం, అధ్యాపకుడిది పాటించవలసిన నియమం. నేటి ఇబ్బందిని చూపి ఆ నియమాన్ని పుస్తకంలోంచి కొట్టేయడం మాత్రం చెల్లదు. కనీసం శిక్షణ ముగిసే తేదీ మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వడం, ఆ తేదీ నుంచి పేరును హాజరు పట్టీకి మార్చడం, పని మానేసినా మంచం ఫలానా నెలల పాటు ఉంటుందని హామీ ఇవ్వడం ఏ సంస్థకూ శక్తికి మించినవి కావు. ఇలాంటి చోట వస్తువు కొనేవారు కథ అడగడం మాని ఈ మూడింటినీ అడగడం మొదలుపెడితే సంస్థలే సర్దుకుంటాయి.

పుస్తకంలో పేరుండడం ఎంత పెద్ద సంగతో ఐర్లండ్ నివేదికే చెబుతుంది. 1922 తర్వాత మాగ్డలీన్ లాండ్రీల్లో అడుగుపెట్టిన స్త్రీలు సుమారు పది వేల మంది అని మెకలీస్ కమిటీ తేల్చింది. గాల్వే, డన్ లీరీ పట్టణాల్లోని రెండు లాండ్రీల రిజిస్టర్లు దొరకలేదు. అక్కడ బట్టలుతికిన స్త్రీలు ఆ పది వేలలో లేరు.